మిరపగింజంత గాలి

స్ట్రెచర్ కంటే ముందు ఘాటు వచ్చింది.
వార్డుబాయ్ తుమ్మాడు, టెక్నీషియన్ తుమ్మింది,
అద్దం ఇవతల నేనూ తుమ్మాను.
మార్చి నెల, గుంటూరు, రాత్రి పదకొండున్నర.
యార్డులో టిక్కీల నిట్టు ఒరిగి
ఒక మనిషి మీద పడిందట.

షేక్ సిలార్, నలభై ఒకటి, హమాలీ.
పొట్ట మీద గీత కూడా లేదు.
గోళ్ళ సందుల్లో, చొక్కా మడతల్లో
తేజ రకం పొడి తప్ప
ఎక్కడా ఎరుపు లేదు.

"ఊపిరి పీల్చండి. ఆపండి."
ఆ మాట చెప్పేది యంత్రమే.
ఆపమన్నది ఊపిరి; అతను తుమ్మునీ ఆపుకున్నాడు.
కదిలితే బొమ్మ చెడుతుందని ఎవరో చెప్పారట.

ఇక కాసేపు అతను నాకు మనిషి కాడు.
కత్తి తగలకుండా పలచగా తరిగిన
బూడిదరంగు పొరలు, పైనుంచి కిందికి.
కాలేయం బాగుంది. కిడ్నీలు రెండూ వెలిగాయి.
ప్లీహం అంచున చిన్న చీలిక,
దాని పక్కన చెంచాడు నెత్తురు.
దొరికింది, అనుకున్నాను.
ఒక్క టిక్కీలో చెయ్యి పెట్టి మచ్చు చూసి
లాటంతటికీ ధర కట్టేసే వ్యాపారిలా
రిపోర్టు కట్టేశాను:
కోత అక్కర్లేదు, కనిపెట్టి ఉండండి.

మా పనిలో ఒకే పొట్టకి చాలా కిటికీలుంటాయి.
మెత్తటి అవయవాలకొకటి, ఎముకకొకటి,
ఊపిరితిత్తులకొకటి.
పేగు దాటి గాలి ఎక్కడైనా నక్కితే
ఊపిరితిత్తి కిటికీలోంచే బాగా కనబడుతుంది.
మీట నొక్కితే అర సెకను.
ఆ రాత్రి అతని వెనక ఇంకా తొమ్మిది పేర్లున్నాయి.
ఆ కిటికీ నేను తెరవలేదు.

మూడో రోజు పొద్దున
పొట్ట చెక్కలా బిగిసింది. ఒళ్ళు కాలిపోతోంది.
మళ్ళీ అదే బల్ల, అదే గొంతు, ఊపిరి పీల్చండి.
ఈసారి ఏ కిటికీతోనూ పని పడలేదు.
పొట్టగోడ కింద నల్లగా, బారుగా గాలి,
పేగుల మధ్య మడ్డినీళ్ళు.
సర్జన్ అనిరుద్రావు గారు ఏమీ అనలేదు,
చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు.
నేను పాత స్కాను తెరిచాను.

నూట నలభై రెండో పొర.
చిన్నపేగు మలుపు పక్కన
ఒక నల్లచుక్క. మిరపగింజంత.
మొన్నా అక్కడే ఉంది.
నేను రిపోర్టు టైపు చేస్తున్నప్పుడూ,
ఆ తరవాత కాంటీన్లో టీ చల్లారలేదని విసుక్కున్నప్పుడూ.

అనుబంధం అనే గడిలో రాశాను:
"మరల పరిశీలించగా"
ఆ "గా" దగ్గర వేలు చాలాసేపు ఆగింది.

పేగు కుట్టారు. ఏడో రోజు కాలేయం కింద చీము.
మంచం దగ్గరికే అల్ట్రాసౌండ్ తెప్పించి
సూది నేనే దించాను.
తెర మీద అది తెల్లటి గీతై చీకట్లోకి దిగింది.
గొట్టం అమిరాక, మొదటిసారి
తల తిప్పి అతని ముఖం చూశాను.
కుడి కనుబొమలో పాత కుట్టు గుర్తు.
మీసంలో రెండు తెల్లవెంట్రుకలు.
చెప్పాను. మొదటి రోజే ఉంది, నేను చూడలేదు అని.
"పట్టుకుంది మీరే కదమ్మా" అంది మౌలాబీ.
కాదు, వదిలేసింది కూడా నేనే.
ఆమె భర్త వైపు చూసింది, నా వైపు కాదు.
సిలార్ గొట్టంలో జారుతున్న చీముని చూస్తూ
ఒక్కటే అడిగాడు:
"బస్తా ఎప్పటికి ఎత్తొచ్చు మేడమ్?"

కిటికీలన్నీ తలుచుకున్నాను.
సర్జన్ గారిని అడిగి చెప్తానన్నాను.

అంతలో కరెంటు పోయింది.
జనరేటర్ అందుకునేలోపు మౌలాబీ
దిండు కిందనుంచి స్కాను ఫిల్ముల కవరు లాగి
అతనికి విసరడం మొదలుపెట్టింది.
ఒక్కో విసురుకీ లోపల
ముప్పై ముక్కల సిలార్ టపటపలాడాడు.
గాలి కాస్త నా వైపూ వచ్చింది,
ఇంకా ఘాటుగానే.